శుక్రవారం మూడు గంటలు

అబ్బాసియాలో మూడో అంతస్తు.
బయట దుమ్ముగాలి, ఈడోళ్ళు గుబార్ అంటారు.
మిట్టమధ్యాన్నమే ఊరంతా ఇటుకపొడి రంగు.
నాకు ఏడో నెల.
తలనొప్పి ఇంట్లో మనిషి మాదిరి అలవాటైపోయింది,
చెప్పులు ఇడవకుండానే లోపలికొస్తాది.

దాని రకాలు నాకు తెలుసు.
ఆకలిది కుడి కణత మింద తట్టిపోతాది,
కుబ్బూసు ముక్క పెడితే ఊరుకుంటాది.
ఎండది మెడలోంచి ఎక్కుతాది.
కాఫీ మానినందుకు వచ్చింది మాత్రం అలిగిన తోడికోడలు,
మూడు దినాలు మూతి ముడుచుకోని
తనంతట తానే సర్దుకుంది.
ఏడ్చినందుకు వచ్చేదాని గురించి
ఓబులేసుకు చెప్పలేదు.
ఆయప్ప నీళ్ళ ట్యాంకరుతో వఫ్రా దోవలో ఉంటాడు,
ఊరికంతా నీళ్ళు మోసి
నేను తాగినానో లేదో ఫోనులో అడుగుతాడు.

లెక్కకు ఖర్జూరం గింజలు పెట్టుకున్నా.
గ్లాసు తాగినప్పుడల్లా ఒక గింజ
కిటికీలోని గిన్నెలోకి.
పది గింజలైతే ఆ పొద్దు గెల్చినట్టు.
తడి తువాలు. మూసిన పరదా.
ఎడం పక్కకు తిరిగి పడుకునేది.
డాక్టరమ్మ రాసిన ఒక్క మాత్ర, అదీ ఓర్చుకోలేనప్పుడే.
పెండ్లికి ముందు మింగిన ఎర్రమాత్రల డబ్బా
బీరువా మీదికి విసిరేసినా,
నాకే అందనంత పైకి.

అమ్మ శుక్రవారం వస్తాది.
సాల్వాలో ఆ ఇంటోళ్ళు వారానికి మూడు గంటలిస్తారు,
రానూపోనూ బస్సు అందులోనే.
నాకు మిగిలేది ఒకటి.
నాకు అయిదేండ్లప్పుడు వచ్చింది ఈ దేశానికి.
జ్వరానికైనా, పరీక్షల భయానికైనా
నా నొసలికి తెలిసింది పిన్ని చేతులే,
మగ్గం పోగులతో గరుకెక్కిన చేతులు.
అమ్మ చేతులు ఇరవై రెండేండ్లుగా
మామా తల పడతాండాయి,
రాత్రి తొమ్మిదికి, ఊదు పొగలో, టీవీ ఆరిందాకా.

ఈ శుక్రవారం వచ్చి
అబాయా కుర్చీకి తగిలించి
"పండుకోమే" అనింది.
ఒళ్ళో తల పెట్టినా.
ఆ వేళ్ళకు ఎంత తెలుసో!
కణతల కాడ గుండ్రంగా,
కనుబొమల నడుమ నుంచి పైకి,
ఆఖరికి మాడు మింద అరచేయి ఆనించి
ఒక నిమిషం అట్లే నిలిపేది.
నాకొక సిగ్గుమాలిన అసూయ:
ఎన్ని వేల రాత్రులు ఇది ఇంకొకరికి.

ఉన్నట్టుండి వేళ్ళు ఆగినాయి.
కండ్ల కింద ఒత్తి చూసింది.
పాదం మింద బొటనవేలు ఒత్తితే
పడిన గుంట పూడలేదు.
ఉంగరం తిప్పబోయింది, తిరగలేదు.
"కండ్ల ముందర ఏమన్నా కనపడతాండాయా?"
"మెరుపులు మా. పొద్దున్నుంచి.
పిన్ని మగ్గం మింద జరీ తెగి ఎగిరినట్టు.
ట్యూబులైటేమో అనుకున్నా."
అమ్మ లేచింది.
"ఇది పిసికితే పోయే నొప్పి కాదు."

ఫర్వానియా ఆసుపత్రి.
నర్సు చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది.
అంకె చూసినాక నవ్వు తగ్గలేదు గానీ
అడుగుల్లో వేగం పెరిగింది.
మంచం. సూది. కడుపు మింద బెల్టు.
బెల్టులోంచి బిడ్డ గుండె,
పెండ్లి ముంగిట చీర ముగించాలని
మగ్గం ఉరకలేసినట్టు.
"ఇంకో రాత్రి ఇంట్లోనే ఓర్చుకోని ఉంటే..."
అని డాక్టరు హిందీలో మొదలుపెట్టి
అమ్మ మొగం చూసి ఆపేసింది.

ఓబులేసు ఫోను.
ఏమడగాలో తెలీక అడిగినాడు:
"ఈ పొద్దు ఎన్ని గింజలు?"
ఆరు. కిటికీలోనే ఉండిపోయినాయి.

మూడు గంటలు ఎప్పుడో అయిపోయినాయి.
అమ్మ సంచిలో ఫోను వణుకుతాంది.
ఆగింది. మళ్ళా వణికింది.
"ఎత్తు మా, మామా తిడతాది."
"తిట్టనీ."
సాల్వాలో ఈ రాత్రి
ఎవరికో తల నొస్తాంటాది.
నా మాడు మింద అరచేయి ఆనింది.
నిమిషం దాటింది.
తీయలేదు.